సారు పలక్కపోతే

మూడోసారీ 'ఫాల్స్' అనే వచ్చింది.
బి క్యాంపులో కరెంటు పోయి వచ్చింది గానీ
ల్యాబులో యూపీఎస్ ఇంకా కుయ్యిమంటూనే ఉంది.
మద్దిలేటి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

స్విచ్చంటే చేతికి తగిలేదేం కాదు.
మెమరీలో ఏదో మూల
మేం కట్టుకున్న ఉత్తుత్తి వంతెన, పేరు బీఆర్ సున్నా.
అసలు తీగ అడుగున, దాని పైన ఇది.
హంద్రీ నెత్తి మీదుగా కేసీ కాలువ పోయినట్టు,
నీళ్ల మీద నీళ్లు,
ఒకదాన్నొకటి అంటకుండా.

"దీనికి సొంత బుద్ధి లేదా మేడం?"
లేదురా. పట్టిక ఉంటుంది, అంతే.
పట్టికలో పేరు లేని ప్యాకెట్టు గడప తొక్కితే
అటెండరులా పైకి పరిగెడుతుంది:
ఎవరో వచ్చినారు సార్, ఏం చేయమంటారు?
ఆ సారు ఎక్కడున్నాడో దీనికి చెప్పడానికే
పొద్దుట్నుంచీ ఈ తంటా.

అప్పుడు కనబడింది.
పాత రికార్డులో చూసి కొట్టినాడు పోర్టు నంబరు,
ఆరువేల ఆరువందల ముప్పై మూడు.
సారు ఇల్లు మారి ఎన్నాళ్లయింది,
ఇరవై గడపలు అవతలికి, యాభై మూడుకు!
మారిస్తే,
హలో అంది ఇది. హలో అన్నాడాయన.
నీకెన్ని చేతులు?
నాలుగు పోర్టులు సార్.
ఇక ఆపైన ఒకటే మాట:
ఉన్నావా? ఉన్నా.
ఉన్నావా? ఉన్నా.

'ట్రూ' చూసి వాడు కుర్చీలోంచి లేచినాడు.

కూర్చో, ఇంకొకటి మిగిలింది.
సారు పలక్కపోతే ఏం చేయాలో కూడా రాయాలి.
సెక్యూర్ అంటే, చెప్పిన పాత మాట మీదే నిలబడుతుంది,
కొత్తవాళ్లకు దారివ్వదు.
స్టాండలోన్ అంటే, తనకు తానే నేర్చుకుంటూ
తోచిన దారిన పంపిస్తుంది.

కీబోర్డు మీద వేళ్లు ఆగినాయి.

"మా జేజినాయన లాకుల కాడ లస్కరు మేడం.
తుంగభద్ర ఊర్లోకొచ్చిన రాత్రి
ఫోనెత్తితే గుయ్యిమనే సప్పుడు కూడా లేదంట.
ఆర్డరు లేకుండా చక్రం ముట్టకూడదు.
తెల్లార్లూ దాని మీద చెయ్యేసుకునే ఉన్న్యాడంట."

తిప్పినాడా?

"చెప్పడు మేడం.
ఎవరడిగినా
చెయ్యి చూసుకుంటాడు."

కింద క్యాంటీన్లో ఉగ్గాని చల్లారిపోతోందని ఎవరిదో కేక.
ఫెయిల్ మోడ్, ఈక్వల్స్, ఆ తర్వాత ఖాళీ,
ఖాళీలో కర్సరు.
రెండింటికి ఎగ్జామినర్ వస్తాడు.
వాడింకా ఏమీ కొట్టలేదు.
నేనూ తొందరపెట్టలేదు.