తాళాలగుత్తి

కగ్గదాసపుర, మూడో అంతస్తు.
నేను నైట్ డ్యూటీకి చెప్పులు వేసుకుంటే చాలు
బెల్లానికి వణుకు.
తెల్లారి వచ్చేసరికి
తలుపు అంచు గీరుకుపోయి,
దిండులో దూది గదంతా.

"రాత్రియెల్లా అళుత్తె కణమ్మా" అంది
కిందింటి వనజాక్షమ్మ.
తిట్టలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

నేను మాత్రం తిట్టేదాన్ని.
చెవులు వెనక్కి, తోక కడుపు కిందికి.
తప్పు తెలుసుకుందనుకున్నాను.
"దానికి తెలిసింది తప్పు కాదు సిస్టర్, మీ గొంతు"
అన్నాడు, కుక్కలకి నేర్పే చంగప్ప.

ఇప్పుడు పాఠం నాకు.
రోజుకి ఇరవైసార్లు తాళాలగుత్తి తియ్యాలి,
గలగలలాడించాలి,
ఎక్కడికీ వెళ్ళకూడదు.
హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని
ఉల్లిపాయలు తరగాలి.
గడప దాటి, పది లెక్కపెట్టి,
నీళ్ళబిందె కోసం వెళ్ళొచ్చినంత మామూలుగా
లోపలికి రావాలి.
ముద్దులొద్దు. సంజాయిషీలొద్దు.

డ్యూటీ రాత్రుళ్ళు అది వనజాక్షమ్మ మంచం కింద.
"అలవాటయ్యేదాకా ఉండనీ" అంది.

నాలుగో వారం.
మెట్ల మీద ఇద్దరం అనపగింజలు పితుకుతూ
తలుపు వైపే చెవులు పెట్టాం.
మా చిత్తూరు పితికిపప్పులో ఏం వేస్తామో
చెప్పబోయి ఆగాను.
ఏడు నిమిషాలు. తొమ్మిది. పదకొండు.
లోపల చప్పుడు లేదు.
ఉండబట్టలేక నేనే తలుపు తీశాను.

నా పాత యూనిఫాం మీద పడుకుని
ఒక కన్ను తెరిచి చూసి
మళ్ళీ మూసుకుంది బెల్లం.

నిజం చెప్పొద్దూ,
కాస్త చిన్నబుచ్చుకున్నాను.

డ్యూటీ పన్నెండు గంటలు.
ఇప్పటికి పదకొండు నిమిషాలు.