పెద్ద తన్ను ఏ వేలికి

ఆటల దెబ్బలు ఆరు.
బొటనవేలు కింద బటన్లు నాలుగే.
మిగిలిన రెండు ఎక్కడ పెట్టుకుంటవో
నీ ఇష్టం అన్నట్టు
తెర మీద పసుపుపచ్చ పట్టీ ఆరుకుంట వెలుగుకుంట ఉంటది.

పోచమ్మమైదాన్ కాడ, కుట్టుమిషన్ల దుకాణం మీద
లతీఫన్న పెట్టిన నాలుగు టీవీల అర్ర.
అర్ధగంటకు ముప్పై రూపాయలు.
ఎక్కేటప్పుడు మెట్లు పదమూడు.
దిగేటప్పుడు లెక్కపెట్టబుద్ధి గాదు,
ఓడిపోయి ఉంటం గనుక.

ఆ గుర్తులకు మేం పెట్టుకున్న పేర్లు వేరే:
డబ్బా, గుడిసె, ఇంటు, సున్న.
డబ్బా చిన్న గుద్దు, గుడిసె నడిమి గుద్దు,
ఇంటు చిన్న తన్ను, సున్న నడిమి తన్ను.
పెద్దయి రెండూ కుడి భుజం మీద,
పైన గుద్దు, కింద తన్ను.
కంపెనీ కుదిర్చి పంపిన కాపురం అది.
"దాన్ని కదిలియ్యకు" అంటడు యాకూబ్,
"చేసినోడు నీకన్న పిచ్చోడా?"

చేసినోనికి నా చూపుడువేలు తెల్వదు.
పోయిన ఎండకాలం ఏనుమాముల మార్కెట్ల
పత్తి బేళ్ళు కట్టే ఇనుప తీగ
నడిమి కణుపు కాడ కోసింది. ఐదు కుట్లు.
అతుకుకున్నది గని వంగది.
అన్నం కలిపేటప్పుడు సుత
తక్కినయన్ని కూర ల మునుగుతాంటె
అదొక్కటి పక్కకు నిలబడి
పిలువని పేరంటం లెక్క చూస్తది.
పెద్ద తన్ను కావాలె అంటె
అది లేచేసరికి
నేను కింద పడి ఉంట.

మొదటి వారం పెద్ద తన్నును సున్న మీదికి తెచ్చిన.
నడిమి తన్నుకు జాగ లేకుంటయింది.
రెండో వారం మధ్యవేలును పంపిన.
బలం ఉన్నది దానికి, ఓపిక లేదు,
పిలువకముందే తన్ని వచ్చింది.

పరాయి మగ్గం ఎక్కిననాడు మా అమ్మ
పోగు ముట్టకముందే తాళ్ళు విప్పుతది.
తొక్కుడు కర్రలను తన కాలు పొడుగుకు దించి కట్టుకుంటది.
కొత్తవాడల జంపఖానాలకు కూలి
నేసిన గజాలకే, కట్టుకున్న ముడులకు రాదు.
అయినా కట్టుకుంటది.
నాకు సుత ముప్పై నిమిషాలల్ల మూడు
సెట్టింగులకే పోతయి.
నా ముందు ఆడినోడు మార్చిపోతడు,
నేను అరచేతిల పెన్నుతోని రాసుకొచ్చింది
చెమటకు సగం చెరిగి ఉంటది.

ఎడమచెయ్యి నడకకే అన్నరు అందరు.
ముందుకు, ఎనుకకు, ఎగురు, వంగు,
అన్నీ దాని బొటనవేలే చూసుకుంటది.
చూపుడువేలు మాత్రం
డ్యూటీ దిగిన కండక్టర్ లెక్క ఊకెనే కూసుంటది.
నువ్వు రా, అన్న.
పెద్ద తన్ను ఎడమ భుజానికి పోయింది.
పెద్ద గుద్దు ఉన్నకాడనే ఉన్నది:
వంగని వేలుకు ఒత్తుడన్న వచ్చు గదా.

మూడు రోజులు
వేళ్ళు పాతింటికే పోయి తలుపు కొట్టినయ్.
లోపల ఎవ్వరు లేరు.
నాలుగోనాడు, ఎందుకో చెప్పలేను,
కుడిచేత మొదలైన మాటను
ఎడమచెయ్యి అందుకున్నది.
తెర మీది మనిషి గాలిల తిరిగి తన్నిండు.
నేను తన్నినట్టు తెలిసింది
నాకు తర్వాత.

యాకూబ్‌ను ఓడగొట్టిన అని రాయాలనే ఉన్నది.
ఏడు ఆటలల్ల రెండు నావి.
వాడు గెలిచిన ఐదు మంచిగనే గెలిచిండు.

టైమైందని లతీఫన్న భుజం తట్టిండు.
యాకూబ్ టీవీకి దగ్గరని నా జాగల కూసున్నడు,
నా కంట్రోలర్ ఎత్తుకున్నడు.
నేను చెప్పులు తొడుక్కుంటున్న.
పాతది పాతలెక్క పెట్టుడు యాదిమరిచిన.
కావాలని కాదు. కొంచెం కావాలనే.

వాడు పెద్ద తన్నుకు ఒత్తిండు.
వాని మనిషి నిలబడ్డకాడనే నిలబడి దెబ్బ తిన్నడు.
"ఎవడురా దీన్ని ఆగం జేసింది?"

అప్పటికే
మెట్ల మీద ఉన్న,
లెక్కపెట్టుకుంట దిగుతున్న.
ఆరు, ఏడు.