పద్దు

ఆడిట్ వాళ్లు వెళ్లిన మూడో రోజు
ఆమదాలవలస ఆఫీసులో
కిర్రుమనే ఫ్యాను కింద నేనే కొట్టాను ఆ మెమో:
పొరపాటున చెల్లించిన పిల్లల చదువు అలవెన్సు,
మూడేళ్లది, ఇరవై రెండు వేల ఐదువందలు,
పది వాయిదాల్లో.

మా ఫైళ్లలో పొరపాటుకి కర్త ఉండడు.
ఆ మూడేళ్ల బిల్లుల మూలన పొట్టి సంతకం మాత్రం నాదే.

గురుగుబెల్లి ఆసిరినాయుడు, నైట్ వాచ్‌మన్,
సాయంత్రం తాళాల గుత్తి అందుకుంటూ
కాగితమూ అందుకున్నాడు.
బస్సు టిక్కెట్టులా మడిచి జేబులో పెట్టాడు.

"మూడో పిల్లకి రాదని నాకేటి తెల్సు బాబూ.
మీరిచ్చినారు, నాను తీసుకున్నాను.
ఫీజు కట్టేసినాను. బూట్లు కొన్నాను.
ఆ బూట్లు సిన్నవైపోనాయి,
అవీ అట్టుకెల్తారేటి?"

అతను నవ్వాడు. నేను రిజిస్టరు తిరగేశాను.

ఎండిన నాగావళిలో చెలమ తోడినట్టు
నెలకి రెండువేల రెండువందల యాభై.
జీతాల పట్టీలో కొత్త గడి గీస్తుంటే
స్కేలు జారింది.

సోమవారం జవాబొచ్చింది
రూళ్ల కాగితం మీద, ఏడో తరగతి ఝాన్సీ చేతిరాతలో.
పది కాదు, ఇరవై వాయిదాలు చెయ్యమని.
ఎక్కడా కొట్టివేత లేదు.

దానికి గుండుసూదితో గుచ్చిన నా మెమోలో
'వాయిధా' అని నేను కొట్టిన చోట
ఒత్తు కొట్టేసి ఉంది, పెన్సిల్‌తో,
ఆఫీసరుకి కోపం రానంత సన్నగా.

ఇన్‌వార్డు నంబరు వేశాను.
రబ్బరు తీశాను.
కాసేపు చూసి
మళ్లీ సొరుగులో పెట్టేశాను.