ఎడమవైపు మామూలుగా ఉంది

మా నాన్న కడుపున పడ్డాడని
నానమ్మ కంటే ముందు ఒక కప్పకు తెలిసింది.
ఆ రోజుల్లో కేప్‌టౌన్ ఆసుపత్రిలో
ఆడవాళ్ల మూత్రాన్ని ప్లటానా కప్పకు సూదితో ఎక్కించేవారు.
తెల్లారేసరికి తొట్టిలో గుడ్లుంటే శుభవార్త.
మా పెళ్లిళ్లలో బిర్యానీ దమ్ము దిగేలోపు
ఈ కథ కనీసం రెండుసార్లు వినాలి.

ఆ కప్పల మునిమనవరాళ్లతోనే ఇప్పుడు నా పని.
పేరు ఫద్వా జార్డీన్. ఉద్యోగం, కప్ప పొట్ట నొక్కి గుడ్లు దించడం.
బొటనవేలు ఎక్కడ ఆనాలో చేతికే తెలుసు.
గుడ్ల మీది జిగురు కరిగించే మందు
మురిగిన కోడిగుడ్డు కంపు.
సాయంత్రం ఆథ్లోన్ బస్సులో
నా పక్క సీటు నా సంచికే.

గంటన్నరకు గుడ్డు రెండవుతుంది,
ఒక సగం కుడి, ఒక సగం ఎడమ.
సూది కుడి సగానికే.
ఎడమను ముట్టుకోను. అది సాక్షి.

నాడీకణంగా మారమని
ఎవరో ఆజ్ఞాపిస్తారనుకునేదాన్ని మొదట్లో.
కాదంది డాక్టర్ వుయిస్వా, రొట్టెముక్క నములుతూ.
పైపొర అంతటా ఒకటే పోరట:
చర్మమైపో, చర్మమైపో, చర్మమైపో.
వీపువైపు అడుగు నుంచి కోర్డిన్ ఊరి వచ్చి
ఆ పోరు నోరు నొక్కుతుంది.
పోరు ఆగిన మేర
కణాలు వాటంతట అవే మెదడు దారి పడతాయి.

అసలు తగువు ఆ తర్వాత.
పలకలా పరుచుకున్న వీపు మీద
అటు మూడు, ఇటు మూడు చారల్లో
న్యూరోజెనిన్ అనే జన్యువు మేలుకుంటుంది.
చారలో ఉన్న ప్రతిదీ అర్హురాలే.
ఏదో ఒకటి వెంట్రుకవాసి ముందుంటుంది,
డెల్టా అనే చెయ్యి చాపి
పక్కదాని నాచ్ మీద వేస్తుంది:
నేనయ్యాను. నువ్వొద్దు. ఇప్పుడే వద్దు.
పక్కదానిలో న్యూరోజెనిన్ చల్లబడుతుంది.
తిరిగి చాపుదామంటే
దాని డెల్టా కూడా అంతలోనే సన్నగిల్లుతుంది.

మా ఇంట్లో పెద్దది నూరునీసా.
బడిలో ఖురాన్ పోటీ, ఇంగ్లీషు వ్యాసం, రెండూ దానివే.
ఇంటికి ఒక టీచరమ్మ చాలని
ఎవరన్నారో గుర్తులేదు.
అన్నారో లేదో కూడా.

ఈసారి కుడివైపుకి
ఆ చెయ్యిని పనిచెయ్యనివ్వని సందేశం ఎక్కించాను.
పిండాలను మందులో ఆపి, కడిగి, రంగులో నానబెట్టి
మూడు రోజులు.
బయట జూలై వాన, కొండ కనిపించడం లేదు.
నాలుగో పొద్దున భూతద్దం కింద
ఎడమ: చుక్క, ఖాళీ, చుక్క, ఖాళీ, ఖాళీ, చుక్క.
కుడి: సందు లేని నీలం.
అడిగిన ప్రతిదీ అయిపోయింది.
అబ్బ, అన్నాను, పైకే.

డాక్టర్ వుయిస్వా వంగి చూసి చాలాసేపు లేవలేదు.
తోకపిల్ల ఈది తప్పించుకోవడానికి
ఎడమవైపున్న ఆ కాసిని చాలునంది.
వద్దనిపించుకున్నవి వృథా పోవట,
ముందుముందు కాళ్లొచ్చే వేళకు
ఆ మిగులే అక్కరకొస్తుందట.
ఇటుపక్క చూడు, రేపటికి ఒక్కటీ మిగల్లేదు, అంది.
సరే అన్నాను.
ఆవిడా ఇంటికి పెద్దకూతురేనని నాకు తెలుసు.

చుక్కలు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించాను.
ఎడమ, నలభై ఒకటి.
కుడి, లెక్క తెగలేదు.
ఖాళీలు రాయడానికి గడి లేదు ఆ పట్టికలో.
అంచున పెన్సిల్‌తో వాటినీ వేశాను,
ముప్పై దాకా వచ్చి
ఏది ఒక ఖాళీయో, ఏది రెండో తేలక ఆపేశాను.

కప్పలకు కాలేయం ముక్కలు వేశాను.
ఒకటి తిన్నాక రెండోది, రెండోదాని ముక్క మూడోది లాక్కుంది.
కింద గీతలో రోజూ రాసేదే రాశాను:
ఎడమవైపు మామూలుగా ఉంది.