ఇరవై రెండు నిమిషాలు

ఆటలో ఎవడో తలుపు తన్నుకుని లోపలికొస్తాడు,
సరిగ్గా అప్పుడే తెర నల్లబడుతుంది.
నీలిరంగు క్షమాపణ కూడా లేదు.
ఒక్క క్షణం చచ్చి
ఏమీ ఎరగనట్టు కంపెనీ బొమ్మ చూపిస్తూ లేస్తుంది.
"ఏటన్నా ఇది, నా మీద పగబట్టిందేటి?" అన్నాడు ఎల్లాజీ.

పెదజాలరిపేటలో మేడ మీది గది.
కిటికీ తీస్తే సముద్రం, మూస్తే దాని తేమ.
డబ్బా పక్కరేకు విప్పాను.
ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి కంప్యూటర్లు విప్పుతున్నాను.
వన్‌టౌన్ డబ్బాలో రేవు బొగ్గు,
గాజువాక డబ్బాలో ఎర్రటి పొడి,
ఇక్కడ స్క్రూ తలల మీద ఉప్పు పూత.
నాకెవరూ అడ్రసు చెప్పక్కర్లేదు.

బ్రష్షుతో దులిపాను. ఫ్యాను రెక్కలు తుడిచాను.
పాత పేస్టు గీకి మినపగింజంత కొత్తది పెట్టాను.
ర్యామ్ పళ్ళని పిల్లాడి రబ్బరుతో రుద్ది
ఒకటి తీసి ఒకటి, ఒకటి తీసి ఒకటి.
వేడి డెబ్బై దాటలేదు.
లాగ్ తెరిస్తే ఒకటే మాట, నలభై ఒకటో నంబరు:
కరెంటు పోయింది, ఎందుకో తెలియదు.
శవం దొరికిన చోటు రాసుకున్నారు గానీ
చంపినవాడి పేరు రాయలేదు.

ద్వారకానగర్‌లో నా కొట్టుకి మోసుకుపోయాను.
రెండు రోజులు దాని నెత్తిన మోయలేనంత బరువు పెట్టాను.
తుమ్మలేదు, దగ్గలేదు.
తిరిగి తెచ్చి ఇచ్చిన రాత్రే ఫోను:
"మళ్ళీ పోయిందన్నా."

ఈసారి వాడు ట్యూషన్ నోట్సు వెనక పేజీ చూపించాడు.
తొమ్మిదీ పన్నెండు.
తొమ్మిదీ ముప్పై నాలుగు.
తొమ్మిదీ యాభై ఆరు.
వేడికి వాచీ ఉండదు కదా అనుకున్నాను.
దుమ్ముకీ ఉండదు.

మంచమ్మీద కూర్చుని ఎదురుచూశాను.
పదీ పద్దెనిమిదికి
మెట్ల కింద గుర్రుమంది పోలమ్మ ఐసుపెట్టి.
అమ్ముడవని వంజరం, పండుగొప్ప,
రేపటి బేరం దాకా పడుకున్న పెట్టి.
గదిలో బల్బు కన్నుకొట్టింది.
తెర నల్లబడింది.

అంతే. ఒక రెప్పపాటు.
ఊరికే కూర్చున్నప్పుడు ఆ రెప్పపాటుని
కడుపులో దాచుకున్న కాస్త కరెంటుతో దాటేస్తుంది పెట్టె.
ఆటలో ఉన్నప్పుడు ఆ కాస్తా ముందే ఖర్చయిపోయి ఉంటుంది.
ఇందులో నీతి వెతక్కురా అని
నాకు నేనే చెప్పుకున్నాను,
ఇంట్లో నా సంగతి నాకు గుర్తొచ్చింది గనక.

పోలమ్మ కిందనుంచే అరిచింది:
"ఒవుడి ఆట కోసం పెట్టి ఆపీమంటావేటి?
సేపలు కుళ్ళితే నువ్వు కొంటావా బాబూ?"
కొనను. మీటరు నుంచి వేరే వైరు లాగాలి,
గట్టి సప్లై పెట్టె వెయ్యాలి,
నాలుగున్నర వేలు.
నోట్సు మూసి ఎల్లాజీ ఏమీ అనలేదు.

వారం పోయాక డబ్బులొచ్చాయేమోనని వెళ్ళాను.
ఆడుతున్నాడు. గోడ గడియారం చూశాడు,
ఆట వదిలి ఖాళీ తెర ముందు
చేతులు కట్టుకు కూర్చున్నాడు.
"మా నాన్నోళ్ళు తెప్ప దింపేటప్పుడు ఇలాగేనన్నా,
పెద్దల వొగ్గీసి దింపుతారు."

కింద గుర్రుమంది.
బల్బు కన్నుకొట్టింది.
తెర అలాగే వెలుగుతూ ఉంది.
వాడు మౌసు మీద చెయ్యేసి
లోపలికెళ్ళిపోయాడు.

పోలమ్మ పాత పేపర్లో రెండు కానాగంతలు చుట్టిచ్చింది.
సంచిలో కొత్త సప్లై పెట్టె పక్కనే పెట్టుకుని
బండి తీశాను.
దారంతా చేపల వాసన.