తాళంచెవి ఇచ్చే ముందు

ఈ తాళంచెవి తిన్నగా తిరగదు, ఇయా.
తలుపును కాస్త నీ వైపు లాక్కుని, అప్పుడు తిప్పాలి.
చలికాలం రియోని నది మీంచి తేమ వచ్చి
చెక్క ఉబ్బుతుంది.
బలం పెడితే విరుగుతుంది. ఒకటి విరగ్గొట్టాను నేను.

అది హీటరు. ఇది టేబుల్ టెన్నిస్ బల్ల,
నెట్టుకు బదులు మా ఇంటి పాత పరదా.
శుక్రవారాలు పద్దెనిమిది మంది దిగుతారు ఈ మెట్లు,
వాన పడితే పాతిక.
శిక్షణలో ఇచ్చిన పుస్తకం పై అరలో ఉంది.
మూడో అధ్యాయం బాగుంటుంది.
మిగతాది రాసినాయన ఎప్పుడూ
కుతాయిసిలో నేలమాళిగ ఊడ్చి ఉండడు.

నుత్సా అని ఒక పిల్ల వస్తుంది.
పావుగంటకోసారి ఆమె ఫోన్ వణుకుతుంది.
ఎక్కడ? ఎవరితో? ఫొటో పెట్టు.
బ్యాటు పక్కన పెట్టి, నవ్వుతూ లేచి,
ఫొటో తీసి పంపుతుంది
వెనక గోడ గడియారం కనిపించేలా.
గడియారం కనిపించేలా. అది చూడు నువ్వు.
మిగతా పిల్లలు "అబ్బ, ఎంత ప్రేమో" అంటారు,
కొంచెం కుళ్ళుకుంటూ కూడా.

అక్కడే నీకు నోరు తెరవాలనిపిస్తుంది.
ఆగు.

నేను ఆగలేదు. చట్టం చెప్పాను, లెక్కలు చెప్పాను,
నీలం చెయ్యి ఉన్న పోస్టరు అంటించాను.
బుద్ధిగా విన్నారు.
తెల్లారేసరికి ఆ చేతికి ఎవరో గోళ్ళరంగు వేశారు.

తర్వాతెప్పుడో, పైపు పగిలి నేలంతా నీళ్ళయిన రోజు,
ఆ ఫోన్ అవతలివాడు, బచానా, నాతోపాటు నీళ్ళు తోడుతున్నాడు.
బకెట్ వైపే చూస్తూ అడిగాను:
ఆమె జవాబివ్వని ఆ పావుగంట, నీకెలా ఉంటుందిరా?
గుడ్డ పిండాడు. మళ్ళీ పిండాడు.
"నాన్న కారు వాకిట్లో ఆగినప్పుడు
డోరు మెల్లగా పడుతుందా, దబ్బున పడుతుందా అని
వింటాం చూడు. అలా."

జాలి వేస్తుంది. వెయ్యనీ.
కానీ కారణం వేరు, మినహాయింపు వేరు,
రెంటినీ ఒకే గిన్నెలో కలపకు.
ఆ మాటే వాడికీ చెప్పాను, గుడ్డ పిండుతూనే:
నువ్వు విన్న చప్పుడే ఇప్పుడు ఆమె వింటోంది,
ఫోన్ వణికినప్పుడల్లా.
వాడు బకెట్ ఎత్తుకుని మెట్లెక్కాడు.
తిరిగొచ్చేసరికి చాలాసేపైంది. కానీ తిరిగొచ్చాడు.

వాడు మారాడని నీతో చెప్పను.
ఫోన్ ఇప్పుడు గంటకోసారి వణుకుతోంది, అంతే తెలుసు.

ఇంకొకటి. ఇది పుస్తకంలో లేదు.
నిరుడు జులైలో త్సీరా అనే పిల్ల
మణికట్టు దాకా చేతులున్న చొక్కాతో వచ్చింది.
ఉక్కగా లేదా అన్నాను. లేదంది.
సరేనని రొట్టె కోసిచ్చాను.
నా ప్రశ్న అక్కడికే అయిపోయింది.
తర్వాత ఆమె రాలేదు.
బజారులో, వేలాడే చుర్చ్‌ఖేలాల వెనక
ఒకసారి కనిపించి, తల తిప్పుకుంది.
ఏమైందో నాకు తెలియదు.
ఆ తెలియకపోవడం నాది. దాన్ని నీకు ఇచ్చి వెళ్ళడం లేదు.

అందుకని, ఎవరైనా మెట్ల దగ్గర ఆలస్యం చేస్తే
నువ్వూ తాళం వెయ్యడం ఆలస్యం చెయ్యి.
ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం పెట్టకు.
ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి చూద్దాం అను.
నువ్వేం చేశావని అడగకు, పొరపాటున కూడా.

సహాయానికి పిలిచే నంబరు ఎవరి ఫోన్‌లోనూ ఎక్కించకు.
ఆ ఫోన్ అతను చూస్తాడు.
కాగితం అంచును పీలికలుగా కత్తిరించి, ఒక్కోదాని మీదా రాసి,
బాత్రూం తలుపు లోపలి వైపు అంటించు.
ఎన్ని తగ్గాయో లెక్కపెట్టు, ఎవరు చింపారో వెతకొద్దు.
మగపిల్లల వైపు కూడా పెట్టు.
మొదటి వారం దాన్ని చూసి పగలబడి నవ్వుతారు.
రెండో వారానికి ఒక పీలిక ఉండదు.

మొన్న శుక్రవారం ఇటువైపు మూడు పోయాయి.
ఒకటి మెట్ల మీద దొరికింది,
గోరంత మడతలు పెట్టి, వానకు తడిసి.
హీటరు మీద ఆరబెట్టాను.
అదిగో, ఇంకా అక్కడే ఉంది.
అంకెలు కనిపిస్తున్నాయి.