గవాచి

మా ఇంట్లో గుడ్డలుతికే రూములో
పగలు పన్నెండుకు గూడా రాత్రే.
కింద నల్లబండ, గోడకు నల్లబండ,
సబ్బు పెట్టే గూట్లో గూడా నల్లబండే.
తాడిపత్రిలో రాయి సవక,
ఎలుతురే పిరియం.

మా ఆయన కాశింపీరా
పాలీషు ఫ్యాక్టరీలో మిషను మీద ఉంటాడు.
పొద్దుగూకి ఇంటికొస్తే
చొక్కా ఏదో మనిషి ఏదో, అంతా ఒకటే బూడిదరంగు.
ఆ చొక్కాను నానబెట్టి, రుద్ది, జాడించి,
మురికి పోయిందో లేదో తెలీక
తడిగుడ్డ పట్టుకోని వాకిట్లోకి పరిగెత్తాల.
ఎండలో చూస్తే కాలరు మడతలో మట్టి
నన్ను చూసి నగుతాంటాది.
మళ్లా లోపలికి.
ఒక చొక్కాకు నాలుగు తూర్లు.
పెండ్లయిన పదకొండేండ్లలో
ఆ గడప దాటిన లెక్కేస్తే
గుంతకల్లు దాకా నడిచిపోయి వచ్చుంటా.

ట్యూబులైటు పెట్టినాము ఒకసారి.
వానాకాలం గోడ చెమ్మకు
స్విచ్చి ముట్టుకుంటే జివ్వుమనె.
కరెంటు ఉంటే నీళ్లు రావు,
నీళ్లొస్తే కరెంటు ఉండదు.
రెండూ కలిసొచ్చిన రోజు
లైటు నిద్దరమొగంతో రెప్పలు కొట్టుకొనె.

"ఎలుతురెందుకు పాపా?" అంటాది మా అత్త లాలమ్మ.
"మురికి చేతికి తెలుస్తాది.
ముప్పై ఏండ్లు ఉతికినా నేను, కండ్లు మూసుకోని."

బేల్దారి ఓబులేసు వచ్చి
మెడ పైకెత్తి శానాసేపు చూసె.
సుత్తి కాడతో మిద్దెబండలు తట్టుకుంటా పోతాంటే
ఒక్క బండ వేరే గొంతుతో పలికింది.
"ఈడ గవాచి ఉండె వదినా,
ఎవురో మూసిపెట్టినారు" అనె.

శుక్రారం పొద్దున దాన్ని లేపినాడు.
ముందు దుమ్ము పడింది.
తర్వాత పిట్టగూడు పుల్లలు,
ఎప్పటిదో ఒక గాజుపెంకు.
ఆఖర్న ఎండ.
తొట్టిలోకి దబ్బుమని పడినట్టుండె,
నీళ్లు చిందుతాయేమోనని
ఎనక్కి జరిగినా.

ఎలుతురొచ్చినాక మొదట సిగ్గేసింది.
మూలల్లో పాచి, సబ్బుపొర,
మూడేండ్ల కిందట పోయిన ముక్కుపుల్ల శీల.
నా చేతులు గూడా.
వేళ్ల సందుల్లో తెల్లగా పగిలిన గీతలు.
ఇవి నావేనా అని
తిప్పి తిప్పి చూసుకున్నా.

సున్నం నేనే కొట్టినా.
తెల్లచొక్కాలకు వేసే నీలిమందు
బకెట్టులో నాలుగు చుక్కలు ఎక్కువే పోసినా.
చొక్కాను తెల్లగా చేసేది
గోడను చెయ్యదా?

తొట్టి పక్కన, నడుమెత్తున,
బండ మీద గీతలు కనపడె.
మొలతో గీకినవి, ఐదు ఐదు కట్టలుగా,
ఒకచోట కట్ట తెగి, మళ్లా మొదలు.
అత్తను పిలిచినా.
వచ్చి వేలితో తడిమింది, కండ్లు మూసుకోని.
"ఏందత్తా ఇవి?"
"ఏందో లెక్క. మర్చిపోయినా."
మర్చిపోయిన మొగం కాదది.
నేను మళ్లా అడగలా.
ఆ జానెడు బండకు సున్నం పుయ్యలా.

కాశింపీరా ఒక పాలీషు ముక్క తెచ్చినాడు,
మూల విరిగిందని ఫ్యాక్టరీలో పారేసినది.
ఊరోళ్ల ఇండ్లకు రాళ్లను అద్దాలు చేసే మనిషి,
మా ఇంటికి ఇదే మొదటి ముక్క.
గవాచి కింద పరిచినాడు.
నల్లరాయే అదిగూడా.
పదకొండు గంటల ఎండ దాని మీద పడి
ఎగిరి ఎదురుగోడకు తగులుతాది.
ఇన్నాళ్లూ నలుపునే తిడితి.
సాన పట్టలేదు, అంతే.

ఇప్పుడు కాలరు మడత ఆడికాడే చూస్తా.
వాకిలికి పరుగు లేదు.
మబ్బు పడితే మాత్రం మిద్దెక్కి
గవాచి మీద పాత సత్తుబేసిను బోర్లించాల.
మొన్న మర్చిపోయినా,
పిండి పెట్టిన దుప్పటి మళ్లా తడిసె.
తిట్టుకుంటానే నవ్వినా.

మద్యాన్నం పూట అత్త వచ్చి ఆడ కూచుంటాది
బొంత కుట్టుకుంటా.
"ఎలుతురెందుకంటివి గదా?" అంటే
"ఎలుతురు కోసం గాదులే,
ఈడ బండ సల్లగా ఉంది" అంటాది,
సూదిబెజ్జాన్ని ఎండకెత్తి పట్టుకోని.